ముచ్చటపడి కొనుక్కున్న కారు దొంగల పాలు కాకుండా

కారుకు కంపెనీ అమర్చిన తాళం, అలారం, సరైన తాళంచెవి లేనిదే ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ ఆ మోడల్‌కు చెందిన వేలాది కార్లలోనూ ఒకేలా ఉంటాయి. కనుక ఒక కారును తెరవడం నేర్చుకున్న దొంగ ఆ మోడల్ కార్లన్నింటినీ తెరవడం నేర్చుకున్నట్టే. మీ కారు మీకు నిజంగా ప్రియమైనదైతే, ఎక్కడుందో, ఎలా పనిచేస్తుందో మీకు తప్ప మరొకరికి తెలియని అడ్డంకి ఒకటైనా అందులో ఉండాలి. ఆ అడ్డంకి ఏదో నిర్ణయించుకోవాలంటే, దొంగలు ఏ దారిన వస్తారో ముందు తెలుసుకోవాలి.

తాళంచెవి జేబులో ఉంటే చాలు, తలుపు తెరుచుకుని, బటన్ నొక్కగానే ఇంజన్ స్టార్ట్ అయ్యే కార్లు ఇప్పుడు ఎక్కువయ్యాయి. వీటిలో చాలా వరకు కారు తన చుట్టూ కొద్ది దూరం మాత్రమే అందేలా 125 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఒక బలహీనమైన సంకేతాన్ని పంపుతుంది. అది అందుకున్న తాళంచెవి రేడియో ద్వారా జవాబిస్తుంది. జవాబు వచ్చింది కాబట్టి తాళంచెవి పక్కనే ఉందని కారు నమ్ముతుంది. ఆ నమ్మకమే దొంగకు అవకాశం. ఒకడు కారు పక్కన, మరొకడు ఇంటి తలుపు దగ్గర చెరొక పరికరంతో నిలబడి ఆ సంకేతాన్ని లోపలున్న తాళంచెవి వరకు చేరవేస్తారు. ఏ రహస్య కోడ్‌నూ ఛేదించనక్కర లేకుండానే కారు తెరుచుకుంటుంది. 2011లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 8 కంపెనీలకు చెందిన 10 మోడళ్ల మీద ఈ పద్ధతిని పరీక్షించి, పదింటినీ తెరవగలిగారు.

దీనికి విరుగుడు చాలా సులువు. తాళంచెవిని తలుపుకు, కిటికీకి దూరంగా, రేడియో సంకేతాలను అడ్డుకునే ఫారడే సంచిలో ఉంచాలి. సంచి కొన్నంత మాత్రాన సరిపోదు: తాళంచెవిని అందులో పెట్టి, కారు పక్కన నిలబడి తలుపు తెరిచి చూడాలి, తెరుచుకుంటే ఆ సంచి పనికిరాదు. మడతల దగ్గర లోపలి లోహపు పొర చిరుగుతుంది కాబట్టి ఈ పరీక్షను కొన్ని నెలలకోసారి మళ్లీ చేయాలి. చాలామంది రోజూ వాడే తాళంచెవిని భద్రంగా దాచి, రెండోదాన్ని సొరుగులో అలాగే వదిలేస్తారు. దొంగకు ఆ రెండోది చాలు. మీ కారు సెట్టింగుల్లో తాళంచెవి తీయకుండానే తెరుచుకునే సౌకర్యాన్ని ఆపివేసే వీలుంటే ఆపివేయడమే మేలని నా అభిప్రాయం. కొత్త కారు కొనేవారు, సంకేతం ప్రయాణించిన సమయాన్ని బట్టి దూరాన్ని కొలిచే అల్ట్రా వైడ్‌బ్యాండ్ తాళంచెవి అందులో ఉందో లేదో తప్పక అడగాలి.

తాళంచెవితో పనే లేని దారులు కూడా ఉన్నాయి. ఒకటి, స్టీరింగ్ కింద మెకానిక్ స్కానర్ తగిలించే ఓబీడీ పోర్టు. అద్దం పగలగొట్టి లోపలికి దూరినవాడు దాని ద్వారా ఖాళీ తాళంచెవిని కారుకు కొత్తగా నమోదు చేయగలడు. ఆ పోర్టుకు తాళం వేసే ఉక్కు పెట్టెలు దొరుకుతాయి. రెండోది ఇంతకంటే ప్రమాదకరమైనది. కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ అనే వైర్ల జత చాలా కార్లలో హెడ్‌లైట్ వరకు వెళుతుంది. దొంగ బంపర్‌ను పక్కకు లాగి, ఆ వైర్లకు ఒక చిన్న పరికరాన్ని కలిపి, సరైన తాళంచెవి వచ్చిందన్న నకిలీ సందేశాన్ని లోపలికి పంపుతాడు. 2022లో లండన్‌లో వాహన సైబర్ భద్రతా పరిశోధకుడి టొయోటా రావ్4 కారే ఇలా పోయింది. అంతకు ముందు దాని బంపర్ లాగి ఉండడం, హెడ్‌లైట్ వైర్లు ఊడి ఉండడం ఆయన గమనించినా, ఆకతాయిల పని అనుకున్నారు. కాబట్టి మీ కారు ముందు భాగంలో కారణం లేకుండా ఏదైనా కదిలి కనిపిస్తే, ఆ రాత్రే కారును మరోచోటికి మార్చండి.

ఈ దారులన్నింటికీ కలిపి పనికొచ్చేది రహస్య స్విచ్. కొత్త కార్లలో ఇది ఎలక్ట్రానిక్ రూపంలో దొరుకుతుంది: స్టీరింగ్ మీది బటన్లనో, కిటికీ బటన్లనో మీరు ఎంచుకున్న వరుసలో నొక్కితే తప్ప కారు కదలదు. కొంత పాత కార్లలో ఫ్యూయల్ పంప్ రిలేకు లేదా స్టార్టర్ సర్క్యూట్‌కు దాచిన స్విచ్ పెట్టిస్తారు. ఈ పనిని అనుభవమున్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. నడుస్తున్న ఇంజన్‌ను మధ్యలో ఆపివేసే ఏర్పాటు చేయించనే కూడదు. పవర్ స్టీరింగ్, బ్రేకుల సహాయక శక్తి పోయి ప్రాణం మీదికి వస్తుంది. కార్బురేటర్ ఉన్న వింటేజ్ కారులో పెట్రోలు ఆపినా, కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ బౌల్‌లో మిగిలినదానితో కొంత దూరం వెళ్లిపోతుంది కాబట్టి ఇగ్నిషన్‌ను అడ్డుకోవడమే సరైనది. అలాంటి కారును చాలా రోజులు నిలిపి ఉంచేటప్పుడు, స్పార్క్ ప్లగ్‌లకు విద్యుత్తును పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని రోటార్ ఆర్మ్‌ను తీసి దగ్గర ఉంచుకుంటే, అది లేకుండా ఆ ఇంజన్ స్టార్ట్ అవదు.

స్టీరింగ్ లాక్ పాతకాలపు వస్తువని తీసిపారేయకండి. స్టీరింగ్ చక్రాన్ని రంపంతో కోస్తే కడ్డీలాంటి లాక్ ఊడివస్తుంది కాబట్టి, చక్రం మొత్తాన్ని కప్పే పళ్లెం లాంటిది మేలు. లాప్‌టాప్‌తో వచ్చిన దొంగ దగ్గర రంపం ఉండకపోవచ్చు, ఉన్నా చప్పుడు చేయడానికి వెనకాడతాడు. కారును లాగుకుపోకుండా కష్టతరం చేయడానికి, ముందు చక్రాలను పక్కకు తిప్పి, హ్యాండ్ బ్రేక్ వేసి, వీలైతే ముందు భాగం గోడకు ఆనించి నిలపాలి. అలారంలో వంపును గుర్తించే సెన్సార్ ఉంటే, కారును పైకెత్తినా అది మోగుతుంది.

ట్రాకర్ దొంగతనాన్ని ఆపదు, కారును వెతకడానికి సాయపడుతుంది. ఉపగ్రహ సంకేతాన్నీ మొబైల్ నెట్‌వర్క్‌నూ అడ్డుకునే జామర్లు ఉన్నాయి కాబట్టి, సొంత బ్యాటరీతో, మరో రేడియో పద్ధతిలో పనిచేసే రెండో ట్రాకర్‌ను వేరే చోట దాచడం మంచిది. ఫోన్‌కు జతపడే చిన్న ట్యాగులను మాత్రమే నమ్ముకోకూడదు. తెలియని ట్యాగ్ వెంట వస్తోందని అవి దొంగ ఫోన్‌కే హెచ్చరిక పంపగలవు.

17 అక్షరాలు, అంకెల చాసిస్ నంబరును అన్ని అద్దాల మీదా చెక్కించండి. దొంగలు తుక్కు కారు నంబరును ఎత్తుకొచ్చిన కారుకు తగిలిస్తారు కాబట్టి, మీకు మాత్రమే తెలిసిన గీతలు, గుర్తులు, కుట్లు ఫోటో తీసి ఉంచుకోండి. కారు ఫోటోలను అందరూ చూసేలా పెట్టేటప్పుడు నంబరు ప్లేటు, ఇంటి పరిసరాలు కనిపించనీయకండి. అమ్మేటప్పుడు నడిపి చూస్తానన్నవారి లైసెన్సు చూసి, పక్కనే కూర్చోండి, తాళంచెవితో వారిని కారులో ఒంటరిగా వదలకండి.

కారు పోయిందని తెలిసిన వెంటనే పోలీసులకు, తర్వాత బీమా కంపెనీకి చెప్పి, చాసిస్ నంబరు, ఫోటోలు, ట్రాకర్ వివరాలు అందజేయండి. ట్రాకర్ సాయంతో ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమోనని చూడడానికి దొంగలు కారును కొన్ని రోజులు ఏదో ఒక వీధిలో వదిలిపెట్టడం మామూలే. అది ఎంత దగ్గరలో కనిపించినా మీరు ఒంటరిగా వెళ్లవద్దు. కారు తిరిగి వస్తే, నడిపే ముందే పాత తాళంచెవులన్నింటినీ కారు కంప్యూటర్ నుంచి తొలగించి కొత్తవి నమోదు చేయించండి, లేకపోతే దొంగ తయారుచేసుకున్న తాళంచెవి అతని దగ్గరే చెల్లుబాటులో ఉంటుంది.