డబ్బాలో సర్క్యూట్ బోర్డు బిగించడం ఎలా?

ఇంటి ట్యాంకుకు నీళ్ల మోటారు కంట్రోలర్ సొంతంగా చేసుకునేవాళ్లు కోడ్ మీద నెలలు పెడతారు. చివర్లో మాత్రం బోర్డును డబ్బాలో పెట్టి, గ్లూ గన్‌తో నాలుగు చుక్కలు వేసి మూత బిగించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక మే నెలలో మా బంధువుల ఇంట్లో పడమటి గోడకున్న అలాంటి డబ్బాను విప్పాను. ఎండకు గ్లూ మెత్తబడి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు) బోర్డు ఊడిపోయింది, వైర్లకు వేలాడుతోంది. దాని అడుగున 230 వోల్టులు ఉండే సోల్డర్ ముద్దలకూ, కోడ్ నడిపే ఆర్డునో బోర్డు యూఎస్‌బీ సాకెట్ రేకుకూ మధ్య వేలు పట్టేంత సందు కూడా లేదు. ఆ సాకెట్‌కే ల్యాప్‌టాప్ తగిలించి వాళ్లబ్బాయి కోడ్ మార్చుకునేవాడు. అప్పటినుంచి గ్లూ, డబుల్ టేపు అన్న మాట వింటేనే నాకు టెన్షన్. బోర్డును పట్టి ఉంచాల్సింది స్క్రూ, స్పేసర్ (బోర్డును డబ్బా అడుగు నుంచి ఎత్తి ఉంచే చిన్న కాలు). ఇంకేదీ కాదు.

కావలసినవి

150 × 100 మి.మీ.కు తగ్గని ఏబీఎస్ ప్లాస్టిక్ డబ్బా, 10 మి.మీ. ఎం3 (3 మి.మీ. స్క్రూ పట్టే) స్పేసర్లు, ఎం3 స్క్రూలు, వాషర్లు, కేబుల్ గ్లాండ్లు (కేబుల్ డబ్బాలోకి వచ్చే చోట దాన్ని బిగించి పట్టేవి), డ్రిల్, 1.5, 3.2 మి.మీ. బిట్లు, మాస్కింగ్ టేపు, దబ్బనం, స్టాంప్ ప్యాడ్. హైదరాబాద్ వాళ్లకు ఎలక్ట్రానిక్స్ సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. స్పేసర్లు ఇత్తడివి కాకుండా నైలాన్‌వి తీసుకోండి. 230 వోల్టులు వచ్చే బోర్డు కింద లోహం ఎందుకు?

ఏది ఎక్కడ

డబ్బాను మనసులో రెండు భాగాలు చేయండి. ఒకవైపు 230 వోల్టులు, ఇంకోవైపు 5 వోల్టులు. రిలే స్క్రూ టెర్మినళ్లు ఆర్డునోకు ఎదురు దిక్కున ఉండాలి. రెండు బోర్డుల మధ్య రెండు వేళ్ల ఎడం వదలండి. కేబుళ్లు డబ్బా అడుగు నుంచే రావాలి, పైనుంచి వస్తే వాన నీళ్లు వైరు వెంట లోపలికి దిగుతాయి. రేకు డబ్బా వాడితే దానికి ఎర్త్ తప్పనిసరి, పైగా ఈఎస్‌పీ32 లాంటి వైఫై బోర్డుకు అందులో సిగ్నల్ అందదు. ఇంకో మాట, ఆ చిన్న రిలేతో మోటారును నేరుగా నడపకండి. రిలే కాంటాక్టర్ (మోటారు కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్చు) కాయిల్‌కు, కాంటాక్టర్ మోటారుకు.

బెజ్జాల గుర్తులు

అందరూ తప్పేది ఇక్కడే. స్కేలుతో కొలిచి నాలుగు చుక్కలు పెట్టి, నాలుగూ ఒకేసారి డ్రిల్ చేసేస్తారు. ఆర్డునో ఊనో మోడల్ బోర్డు బెజ్జాలు చక్కని దీర్ఘచతురస్రంలో ఉండవు. యూఎస్‌బీ వైపు రెండింటి మధ్య సుమారు 48 మి.మీ., అవతలి చివర 28 మి.మీ. పైగా యూఎస్‌బీ వైపువి రెండూ ఒకే వరుసలో కూడా ఉండవు, ఒకటి మి.మీ.కు పైగా జరిగి ఉంటుంది. నెట్‌లో దొరికిన బొమ్మను ప్రింట్ తీసి అంటిద్దామంటే, ప్రింటర్ కాగితానికి సరిపెట్టడానికి దాన్ని కొంచెం కుదించేస్తుంది. అన్నిటికన్నా నమ్మదగిన కొలత మీ చేతిలోని బోర్డే.

డబ్బా అడుగున మాస్కింగ్ టేపు అంటించండి. బోర్డుకు నాలుగు స్పేసర్లూ బిగిస్తే అది నాలుగు కాళ్ల పీటలా నిలబడుతుంది. ఆ కాళ్లను స్టాంప్ ప్యాడ్ మీద అద్ది, డబ్బాలో సరైన చోట నిటారుగా దించి, కదపకుండా ఎత్తండి. టేపు మీద మధ్యలో ఖాళీతో నాలుగు ఆరుపలకల ముద్రలు పడతాయి. ఆ ఖాళీ నడుమ దబ్బనంతో గట్టిగా గుచ్చండి. ఆ గుంట లేకపోతే డ్రిల్ బిట్ జారి పక్కకు పోతుంది.

యూఎస్‌బీ సాకెట్ డబ్బా బయటికి కనపడాలనుకుంటే మొదట డబ్బా గోడకు దాని బెజ్జం చేసి, సాకెట్‌ను అందులో కూర్చోబెట్టి, ఆ తర్వాతే అడుగున ముద్ర వేయండి. ఊనోలో సాకెట్ బోర్డు అంచు దాటి ముందుకు వస్తుంది. అడుగు బెజ్జాలు ముందు చేస్తే గోడ దగ్గర లెక్క తప్పుతుంది.

ఇప్పుడు ఒక్కటంటే ఒక్క బెజ్జం చేయండి. డబ్బా కింద చెక్కముక్క పెట్టి, ముందు 1.5, తర్వాత 3.2 బిట్‌తో, నెమ్మదిగా. స్పీడ్ పెంచితే ప్లాస్టిక్ కరిగి బిట్‌కు చుట్టుకుంటుంది. కింది నుంచి స్క్రూ వేసి ఆ కాలిని వదులుగా పట్టించి, మిగతా మూడు కాళ్లూ ముద్రల మీదే ఉన్నాయా చూడండి. ఉంటే బోర్డు తీసి, మూలకు మూలగా ఎదురున్న రెండోది చేయండి. మళ్లీ పెట్టి చూడండి. మిగతా రెండూ అలాగే. డ్రిల్ తిరిగేటప్పుడు బోర్డు డబ్బాలో ఉండకూడదు.

ఎక్కడైనా అర మిల్లీమీటరు తేడా వస్తే గుండ్రటి ఆకురాయితో డబ్బా బెజ్జాన్ని కాస్త సాగదీయండి. బోర్డు బెజ్జం జోలికి వెళ్లవద్దు. స్క్రూను బలవంతంగా లాగి బిగించవద్దు. అలా బిగించిన బోర్డు కంటికి కనిపించనంత వంగుతుంది. దాని మీదున్న సన్నని సిరామిక్ కెపాసిటర్లు లోపల చిట్లుతాయి. అప్పటికి అన్నీ పనిచేస్తాయి. కొన్ని వారాల తర్వాత కారణం లేకుండా రీసెట్ అవుతుంటే మీరు కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటారు.

బిగించడం

నాలుగు స్క్రూలూ ముందు వేళ్లతో, తర్వాత మూలకు మూలగా స్క్రూ డ్రైవర్‌తో బిగించండి. ఊనోలో ఒక బెజ్జం వైర్లు గుచ్చే పిన్‌ల హెడర్‌కు మరీ దగ్గర, లోహపు స్క్రూ తల దానికి ఆనుకుంటుంది. అక్కడ నైలాన్ స్క్రూ వేయండి. వైర్లకు కొంచెం వదులు ఉంచి గ్లాండ్ బిగించండి.

మూత పెట్టి, కరెంటు ఇవ్వకముందే డబ్బాను తలకిందులు చేసి చెవి దగ్గర ఊపండి. గలగలమంటే విప్పి, ఆ వాషరో ప్లాస్టిక్ ముక్కో చేతికి దొరికేదాకా ప్లగ్ పెట్టకండి.