మాలినోయిస్‌ని తెచ్చుకున్నారా? ముందు ఊరికే పడుకోవడం నేర్పండి

వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా మాలినోయిస్ జాతి కుక్కతో రోడ్డెక్కితే చాలు, ఎవరో ఒకరు ఆపి అడుగుతారు: "మేడమ్, ఇది మిలిటరీ కుక్కే కదా, మాకూ ఒకటి ఇప్పించరా?" ఇప్పించను. కానీ ఇప్పటికే కుక్కపిల్లని తెచ్చేసుకుని, సోఫా చిరిగి, పిక్కలకి గాట్లు పడి, ఏం చెయ్యాలో తోచనివాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం ఇది.

మా దాని పేరు బెల్లం. రంగు చూసి మా మామయ్యగారు పెట్టారు. ఆయనది అనకాపల్లి, ఇంకే పేరు తడుతుంది! ఆడది, 24 కిలోలు, రెండో అంతస్తు ఫ్లాట్‌లో మా మధ్యే ఉంటుంది.

ఈ జాతికి అందరూ ఇచ్చే సలహా ఒకటే: బాగా పరిగెత్తించండి, అలిసిపోయి పడుకుంటుంది అని. దీని దగ్గర ఆ లెక్క చెల్లదు. రోజూ గంటసేపు పరిగెత్తిస్తూ పోతే కొన్నాళ్లకి ఆ గంట దానికి ఆనదు, ఇంకో అరగంట అడుగుతుంది. స్టామినా పెరుగుతుంది, కుదురు మాత్రం రాదు. సీఆర్‌పీఎఫ్, ఐటీబీపీ లాంటి బలగాల్లో ఇవి పనిచేస్తాయన్నది నిజమే. కానీ అక్కడ కుక్కని చూసుకోవడానికి హ్యాండ్లర్ ఉంటాడు, పనయ్యాక కెనెల్‌లో విశ్రాంతి ఉంటుంది. గోడ దూకేటప్పుడు వీడియో తీస్తారు గానీ పడుకున్నప్పుడు ఎవరు తీస్తారు? మనం ఇంట్లో నేర్పాల్సింది ఆ పడుకోవడమే.

బెల్జియంలో మాలిన్ అనే ఊరి చుట్టుపక్కల గొర్రెల మందల్ని కాసిన జాతి ఇది. బెల్జియన్ షెపర్డ్‌లో నాలుగు రకాలుంటే పొట్టి వెంట్రుకలది ఇదే. కదిలేదాని వెంటపడటం, పట్టుకోవడం, పట్టింది వదలకపోవడం దీనికి పుట్టుకతో వచ్చినవి. మన ఇళ్లలో కదిలేవి ఏమిటో ఒకసారి చూసుకోండి. చీర కుచ్చిళ్లు, లుంగీ అంచు, చీపురు, పరిగెత్తే పిల్లల కాళ్లు. దీనికి పని చెప్పకపోతే అది మనకి పని పెడుతుందని మా అత్తయ్య ఊరికే అనలేదు.

పిల్లగా ఉన్నప్పుడు, ముఖ్యంగా పళ్లు మారే నాలుగో నెల నుంచి ఆరు, ఏడు నెలల దాకా, నోరు అసలు ఊరుకోదు. కొట్టొద్దు, అరవొద్దు, మూతి పట్టుకుని నొక్కొద్దు. అదంతా దానికి ఆటలాగే ఉంటుంది, లేదా చేతులంటే భయం పుడుతుంది. కుచ్చిళ్లు పట్టుకుంటే కదలకుండా నిలబడండి. మీరు లాగితే అదీ లాగుతుంది. ఇంకో చేత్తో టగ్ తాడు (కుక్క పళ్లతో పట్టి లాగి ఆడుకునే తాడు) నేలమీద పాములా కదిలించండి, చీర వదిలి దాన్ని పట్టుకుంటుంది. మా ఇంట్లో గదికో తాడు ఉంటుంది, వంటింట్లో గరిటెల స్టాండు పక్కన కూడా.

తాడు పట్టుకున్నాక "వదులు" నేర్పాలి. కాసేపు సరదాగా లాగనివ్వండి. తర్వాత తాడుని మీ మోకాలికి ఆనించి గట్టిగా పట్టుకుని, బిగుసుకుపోయినట్టు ఉండండి. తాడులో ప్రాణం పోవాలి. ఒక్కసారి "వదులు" అని ఊరుకోండి. మొదట్లో గుర్రుమంటుంది, పట్టు మార్చి నములుతుంది, కళ్లెత్తి మీ మొహం చూస్తుంది. మాట్లాడకండి. వదిలిన క్షణం "సెబాస్" అంటూ మళ్లీ అదే తాడు అందించండి. వదిలితే ఆట అయిపోదు, మళ్లీ మొదలవుతుందని దానికి అర్థం కావాలి. ఇది వస్తే రేపు చెప్పు పట్టుకున్నా, పక్కింటివాళ్ల తువ్వాలు పట్టుకున్నా ఆ మాట పనికొస్తుంది.

ఇక అసలు పాఠం చాప. పాత చాప ఒకటి హాల్లో ఒక మూల పరవండి. కుక్క దానిమీదికి రాగానే కాళ్ల మధ్య ఒక గింజ డాగ్ ఫుడ్ పెట్టండి. విసరొద్దు, విసిరితే లేచి వెంటపడుతుంది. పడుకుంటే ఇంకోటి. ఇక్కడ దాని తుంటిని గమనించాలి. నాలుగు కాళ్లూ కింద ముడుచుకుని, తల ఎత్తి పడుకుందంటే విశ్రాంతి కాదు, ఎప్పుడెప్పుడు లేద్దామా అని కాచుకుని ఉన్నట్టు. తుంటి ఒక పక్కకి వాలిందా, అప్పుడు గింజ పెట్టండి. గడ్డం చాపకి తగిలిందా, అప్పుడు పెట్టండి. ముక్కులోంచి పెద్ద నిట్టూర్పు వస్తే మాత్రం ఏమీ పెట్టకండి, లేపినట్టవుతుంది. మొదట ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చేసి, తర్వాత కుక్కర్ విజిల్ వేస్తుండగా, ఆపైన ఎవరితోనైనా కాలింగ్ బెల్ కొట్టించి చేయండి. బెల్ మాకు చాలా కాలం పట్టింది, తొందరపడొద్దు.

మరి వ్యాయామం వద్దా అంటే, కావాలి. కొలతగా కావాలి. బంతి ఆపకుండా విసురుతూనే ఉంటే పిచ్చి ఎక్కుతుంది తప్ప తగ్గదు. రెండు విసుర్ల మధ్య కూర్చోబెట్టండి, ఇంకా కావాలని అడుగుతుండగానే ఆపేయండి. పూటకింత ఫుడ్ తీసి మేడ మీద పూలకుండీల మధ్య జల్లి వెతకమంటే, ముక్కుతో వెతికే ఆ కాసేపు దాని బుర్ర అలిసిపోతుంది. నా మటుకు నాకు బీచ్ కన్నా అదే నచ్చుతుంది. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో వాకర్ల రద్దీ, ఇసుకలో వీధికుక్కల గుంపులు. అక్కడ ఈ జాతి కుక్కని వదలడం మొండిధైర్యం. సముద్రపు నీళ్లు తాగితే విరేచనాలు వేరే.

వైజాగ్ ఉక్కపోత గురించి గట్టిగా చెప్పాలి. కుక్క ఒంట్లో వేడి ఎక్కువగా రొప్పడం వల్లే బయటికి పోతుంది. నోట్లో తడి ఆరితేనే చల్లబడుతుంది. గాలే తడిగా ఉంటే ఎక్కడ ఆరుతుంది? పైగా ఇది తనంతట తాను ఆగదు, పడిపోయేదాకా బంతి తెస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా సూర్యుడు రాకముందే అన్నీ ముగించండి. నాలుక చివర వెడల్పై చెంచాలా వంగిందంటే ఆట బంద్. చిగుళ్లు ముదురు ఎరుపెక్కినా, నడక తూలినా వెంటనే మామూలు నీళ్లు ఒళ్లంతా పోసి, ఫ్యాన్ గాలి తగిలేలా చేసి, అప్పుడు డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. ముందు చల్లబరచడం, తర్వాతే బండి ఎక్కించడం. కుక్క మామూలు టెంపరేచర్ 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 105 దాటితే ప్రాణం మీదికొచ్చినట్టే.

లిఫ్ట్‌లో ఎవరైనా ఉంటే మేము మెట్లెక్కుతాం. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి వచ్చినప్పుడు బెల్లం గదిలో ఉంటుంది, వాచ్‌మన్ వస్తే బెల్టు కట్టి చాప మీద ఉంటుంది. చుట్టాల పిల్లలు హాల్లో పరిగెడుతుంటే దానికి మందలా కనిపిస్తారు, మడమలు కొరుకుతుంది. పిల్లల్ని ఆపలేం కాబట్టి కుక్కనే తలుపు వెనక ఉంచుతాను. "పాపం, దాన్ని కట్టేశారే" అంటారు. అననివ్వండి. రొప్పడానికి నోరు పూర్తిగా తెరుచుకునేలా, మూతికి తొడిగే బుట్టలాంటి మజిల్ కూడా చిన్నప్పటి నుంచే, అందులో పెరుగన్నం పెట్టి తినిపిస్తూ అలవాటు చేయండి. డాక్టర్ దగ్గర టెన్షన్ ఉండదు.

ఇంత తుంటరి కుక్క వానాకాలంలో ఒకరోజు హఠాత్తుగా బుద్ధిమంతురాలై మూల పడుకుంటే సంబరపడకండి. తాడు చూపించినా లేవట్లేదంటే చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడండి. పిడుదు దొరికినా, దొరక్కపోయినా, ఒళ్లు వేడిగా ఉండి తిండి మానేస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించి ప్లేట్‌లెట్లు ఎంతున్నాయో అడగండి. పిడుదుల జ్వరాన్ని మొదట్లోనే పట్టుకుంటే మాత్రలతో తగ్గే అవకాశం బాగా ఎక్కువ.