రంగులతో కొండలు – 3వ పాఠం: అరకు కొండల వరసలు

పోయిన పాఠంలో ఆకాశం పూర్తి చేశాం. ఇప్పుడు కొండలు.

అరకు దారిలో గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే తూర్పు కనుమలు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి. అన్నిటి మీదా ఉన్నవి పచ్చటి చెట్లే. అయినా చివరి వరస నీలంగా ఉంటుంది. మధ్యలో ఉన్న గాలి నీలి వెలుగును ఎక్కువగా చెదరగొడుతుంది, అందుకు. కాబట్టి దూరపు కొండకు పచ్చ రంగు అసలు వాడకండి.

టైటానియం వైట్‌లో కొంచెం అల్ట్రామెరైన్ బ్లూ కలిపి, బ్రష్ కొసకు అంటినంత బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) వేయండి. నీలం కాస్త బూడిద వన్నెకు తిరుగుతుంది. ఆక్రిలిక్ రంగు ఆరాక ముదురుతుంది కనుక, మీరనుకున్న దానికన్నా లేతగానే కలపండి. ముందు కాగితం ముక్క మీద వేసి, ఆరాక చూసుకుంటే టెన్షన్ ఉండదు.

మొదటి వరస, అంటే అన్నిటికన్నా దూరంది, పూర్తిగా ఆరాకే రెండోది. తొందరపడితే రెండు రంగులూ కలిసి కొండ అంచు చెదిరిపోతుంది. రెండో వరసకు అదే రంగులో ఇంకాస్త నీలం, కొద్దిగా సాప్ గ్రీన్ చేర్చండి. మూడోదానికి పచ్చ పెంచి, ఎల్లో ఆకర్ (మట్టి పసుపు) కూడా. ప్రతిసారీ కొత్తగా కలపకండి. ఉన్న రంగులోంచే ముందుకు వస్తే కొండలన్నీ ఒకే వెలుగులో ఉన్నట్టుంటాయి. ప్రతి వరస అడుగునా, రంగు ఆరకముందే తడి బ్రష్‌తో పల్చబరిస్తే లోయలో మంచు వచ్చేస్తుంది.

ఇక బ్రష్ పని. ఈ బొమ్మకు ప్రాణం ఇక్కడే ఉంది. దగ్గరి కొండకు అంగుళం వెడల్పున్న, గట్టి వెంట్రుకల ఫ్లాట్ బ్రష్ తీసుకోండి. రంగులో నీళ్లు కలపొద్దు. వాలు ఎటు జారితే బ్రష్ అటే లాగాలి. శిఖరం దగ్గర నొక్కిపెట్టి, కిందికి వస్తూ చేతి బరువు తగ్గించండి. వెంట్రుకలు విడిపోయి రంగు చారలుచారలుగా పడుతుంది, సందుల్లోంచి కింది పూత తొంగిచూస్తుంది. చూసేవాళ్ల కంటికి చెట్లూ బండలూ ఆ సందులే. వాటిని పూడ్చకండి. పడిన చారను మళ్లీ రుద్దితే కొండ కాస్తా సున్నం కొట్టిన గోడలా అయిపోతుంది.

నీడ వైపు నలుపు వద్దు. అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియెన్నా కలిపి, మీడియంతో (ఆక్రిలిక్‌ను పల్చన చేసే ద్రవం) బాగా పల్చన చేసి, ఆరిన కొండ మీద ఒకే పూత వేయండి. కింద వేసిన చారలు దానిలోంచి కనిపిస్తూనే ఉండాలి.

కాన్వాస్ కింది భాగం మూడో వంతు ఖాళీగా వదిలేయండి. వచ్చే పాఠంలో అక్కడ వలిసె పూల చేను వేస్తాం.