పెరుగన్నం మానలేక పల్లీ పెరుగు తోడేసా

కొలెస్ట్రాల్ రిపోర్ట్ చూసి మా ఆవిడ నెయ్యి డబ్బా అటకెక్కించేసింది, దాంతో నేనూ రోషంగా ఇక వీగనే, అంటే మాంసం, గుడ్లే కాదు పాలు, పెరుగు కూడా ముట్టను అని బిల్డప్ ఇచ్చా. పప్పుచారు, గోంగూర, వంకాయ కూర... వీటితో ఇబ్బందేం లేదు, చిక్కంతా పెరుగన్నం దగ్గరే, మూడో రోజుకే ఫ్రిజ్ తలుపు తీసి దొంగచూపులు.

చివరికి కప్పు పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మూడు కప్పుల నీళ్ళతో రుబ్బి, వడగట్టి, కాచి అందులో పచ్చిమిరపకాయ తొడిమలు వేసా. మొదటిసారి వేడి మీదే వేసేసా, తోడుకోలేదు. రెండోసారి గోరువెచ్చగా అయ్యాక వేస్తే గడ్డలా తోడుకుంది! పల్లీ వాసన కొంచెం ఉంటది, ఆవకాయ నంజుకుంటే తెలీదు. బీ12 విటమిన్ ఈ తిండిలో దొరకదుగా, డాక్టర్‌ని అడిగి టాబ్లెట్ వేసుకుంటున్నా.

మా ఆవిడ మాత్రం ఎదురుగా కూర్చుని గేదె పెరుగే తింటది.