లోలాకు పక్కకు తిరుగుతోందా? క్రోషా నగల తిప్పలు, వాటి విరుగుడు

మా అమ్మమ్మది నరసాపురం పక్క పల్లె. అక్కడ క్రోషా అల్లికను, అంటే వంపు మొన ఉన్న సూదితో దారాన్ని అల్లే పనిని, లేసు అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి ఒడ్డుకు చేరిన ఆ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు (ఇది ఈ ప్రాంతపు పని అని చట్టం ఇచ్చే జీఐ ట్యాగు) కూడా దక్కింది. అమ్మమ్మ అల్లినవన్నీ బల్ల మీద పరిచేవి, దిండు అంచుకు కుట్టేవి. పరిచిన చోట పడి ఉంటాయి. వాటికి బరువు లేదు, చెమట లేదు. నేను పెళ్లయి ఒడిశాలోని రాయగడ వచ్చాక అదే సూదితో లోలాకులు, జడ క్లిప్పులు, సంచులు మొదలుపెట్టాను. పని నేర్చుకున్నది పరిచే వస్తువుల మీద, చేస్తున్నది వేలాడే వస్తువులు. నాకు ఎదురైన చిక్కుల్లో సగానికి పైగా అక్కడే పుట్టాయి. కింద రాసినవన్నీ నేను విప్పి మళ్లీ అల్లుకున్నవే.

లోలాకు ముఖం చూపకుండా పక్కకు తిరుగుతోంది

అద్దం ముందు పెట్టుకుంటే పువ్వు కనబడదు, పువ్వు అంచు మాత్రమే కనబడుతుంది. చాలామంది అల్లిక వంకరగా వచ్చిందనుకుని విప్పేస్తారు. అల్లికలో తప్పేమీ లేదు. తప్పు కొక్కేనికీ పువ్వుకూ మధ్య వేసే లోహపు రింగుల లెక్కలో ఉంది.

ఒక గొలుసు తీసి చూడండి. పక్కపక్కనే ఉన్న రెండు లంకెలు ఎప్పుడూ ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. ఒకటి ముఖం చూపిస్తే రెండోది అంచు చూపిస్తుంది. చెవికి పెట్టే కొక్కెం కింద చిన్న కన్ను ఉంటుంది కదా, బజారులో దొరికే చాలా కొక్కేల్లో అది పక్కకు చూస్తుంది. దానికి ఒక రింగు వేస్తే రింగు ఎదురుకు తిరుగుతుంది. ఆ రింగుకు పువ్వు తగిలిస్తే పువ్వు మళ్లీ పక్కకు తిరుగుతుంది. కనుక ఇంకో రింగు కలపండి, లేదా ఉన్న ఒక్కటీ తీసేసి పువ్వును నేరుగా కన్నుకే తగిలించండి. రెండు దారులూ పనిచేస్తాయి. కొక్కెం కన్ను ముందే ఎదురుకు చూస్తూ ఉంటే లెక్క తిరగబడుతుంది, అప్పుడు ఒక్క రింగే సరి. రింగు కలపడం ఇష్టం లేకపోతే సన్నని పట్టకారుతో కొక్కెం కన్నును పావు చుట్టు తిప్పినా సరిపోతుంది.

రింగు తెరిచేటప్పుడు రెండు కొసలను ఎడంగా లాగకండి. గుండ్రం పోతుంది, మళ్లీ కలవదు. ఒక కొసను మీ వైపుకు, రెండోదాన్ని అవతలి వైపుకు తిప్పండి, తలుపు తీసినట్టు. మూసేటప్పుడు కొసలు కొంచెం దాటించి వెనక్కి తెస్తే చిన్నగా టక్కుమంటుంది. ఆ చప్పుడు రాకపోతే సందు మిగిలిందన్నమాట, దారం ఆ సందులోంచే జారిపోతుంది. రాయగడలో ఏటా జరిగే చైతీ ఉత్సవపు మేళాలో, నేను మొదటిసారి అమ్మినప్పుడు, ఒక కాలేజీ అమ్మాయి ఒంటి లోలాకు చేతిలో పట్టుకుని తిరిగొచ్చింది. రెండోది మేళా మైదానంలో ఎక్కడో పడిపోయిందట.

చక్రం గిన్నెలా ముడుచుకుంటోంది, లేదా అంచు అప్పడంలా అలలు తిరుగుతోంది

గిన్నెలా ముడుచుకుంటే కుట్లు తక్కువయ్యాయి. అలలు తిరిగితే ఎక్కువయ్యాయి. ఇంతకు మించి మర్మం లేదు.

సింగిల్ క్రోషా అనే పొట్టి కుట్టుతో చదునైన చక్రానికి 6 కుట్లతో మొదలుపెట్టి వరసకు 6 చొప్పున పెంచాలి. 6, 12, 18, 24, 30. డబుల్ క్రోషా కుట్టు పొడుగు, అది చుట్టూ ఎక్కువ చోటు అడుగుతుంది. అందుకే 12తో మొదలుపెట్టి 12 చొప్పున పెంచాలి. రెండింటికీ నడుమనుండే హాఫ్ డబుల్‌కు 8 సరిపోతుంది. వీడియో చూస్తూ అల్లేవాళ్లు కుట్టు మార్చి లెక్క మార్చరు. చక్రం గిన్నెగా మారేది చాలావరకు అక్కడే.

రెండో కారణం, వరస చివరి కుట్టును మరిచిపోవడం. ముగింపుకు వేసే స్లిప్ కుట్టు దాన్ని కప్పేస్తుంది, కంటికి ఆనదు. ప్రతి వరస మొదటి కుట్టులో వేరే రంగు దారం ముక్క దూర్చుకోండి. నేను పాత చీర అంచు పోగులు వాడతాను. వరస అయ్యాక లెక్కపెట్టండి. ఐదు వరసలయ్యాక లెక్కపెడితే తప్పు ఏ వరసలో ఉందో వెతకడానికే అరగంట పడుతుంది.

కొంచెం ముడుచుకున్న చక్రాన్ని తడిపి, తుప్పు పట్టని పిన్నులతో చుట్టూ లాగి ఆరబెడితే చదును చేయవచ్చు. అలలు తిరిగినదాన్ని మాత్రం చదును చేయలేరు. ఎక్కువైన దారాన్ని ఎక్కడ దాస్తారు? విప్పాల్సిందే. లేదా అదే పువ్వు రేకని చెప్పి అమ్మేయాలి, నేను అదీ చేశాను.

పుస్తకంలో ఉన్నట్టే చేశాను, సైజు మాత్రం వేరుగా వచ్చింది

అమెరికా వాళ్లు సింగిల్ అన్నదాన్ని బ్రిటన్ వాళ్లు డబుల్ అంటారు. అమెరికా డబుల్ బ్రిటన్‌లో ట్రెబుల్ అవుతుంది. మన ఇళ్లలో మిగిలిన పాత పుస్తకాలు ఎక్కువగా బ్రిటన్ పద్ధతివి, ఫోనులో చూసే వీడియోలు ఎక్కువగా అమెరికావి. గుర్తుపట్టే కిటుకు ఒకటి చెబుతాను. నమూనాలో సింగిల్ క్రోషా అనే మాట ఎక్కడైనా ఉంటే అది అమెరికాది. బ్రిటన్ లెక్కలో ఆ మాటే లేదు.

అది కూడా సరిగ్గానే ఉంటే దారం నంబరు చూడండి. నంబరు పెరిగే కొద్దీ దారం సన్నబడుతుంది. 10 లావు, 20 దానికన్నా సన్నం, 40 ఇంకా సన్నం. ఇక్కడ దుకాణంలో ఒక నంబరు దొరక్కపోతే ఇంకోటి చేతిలో పెడతారు, మనమూ తెచ్చేసుకుంటాం. లోలాకులకు 10 నంబరు దారం, సుమారు 1.5 మిల్లీమీటర్ల స్టీలు సూది నాకు బాగా కుదిరిన జోడీ. 40తో చేస్తే అందమే, కానీ ఒక జతకు పట్టే సమయానికి ధర చెబితే కొనేవాళ్లు నమస్కారం పెట్టి వెళ్లిపోతారు.

మేళాలో నిటారుగా ఉన్న పువ్వు జులైలో వాడిపోయింది

దీనికి ఒక కథ ఉంది. దారపు పువ్వు గట్టిగా నిలవాలంటే ఏదైనా పూయాలి. పాత పద్ధతి చక్కెర పాకం. పూసి ఆరబెడితే గాజులా నిలుస్తుంది. నేను నలభై జతలు అలా చేసి రేకు డబ్బాలో పెట్టాను. వానలు పట్టాక ఒకరోజు మా అత్తయ్య పిలిచింది. "అమ్మాయ్, నీ కమ్మలకు నాకన్నా ముందే బేరం వచ్చింది, చూసుకో." డబ్బా నిండా చీమలు. పువ్వులు ఒకదానికొకటి అంటుకుని పాకం ఉండల్లా ఉన్నాయి.

చక్కెర గాలిలోని తేమను లాక్కుంటుంది. నాగావళి పక్క ఊళ్లో వానాకాలం ఎలా ఉంటుందో చెప్పాలా! బియ్యం గంజి చీమల్ని అంతగా పిలవదు కానీ తేమకు బూజు పడుతుంది. అంచులేసిన రుమాళ్లకు గంజి సరే, ఉతికి మళ్లీ పెట్టుకోవచ్చు. చెవికి పెట్టుకునేదానికి పనికిరాదు.

చెక్కపనికి వాడే తెల్ల జిగురుకు అంతే నీళ్లు కలపండి. పువ్వును ముంచి, పిండి, ప్లాస్టిక్ కాగితం మీద పిన్నులతో ఆకారం నిలిపి, నీడలో ఆరనివ్వండి. చిక్కగా ఒక్కసారి పూస్తే కుట్ల సందుల్లో పొరలు కట్టి చూడ్డానికి చీమిడిలా ఉంటుంది. పలుచగా రెండుసార్లు మేలు. ఇదీ నీళ్లకు మెత్తబడుతుంది, వానలో పెట్టుకోవద్దని కొనేవాళ్లకు ముందే చెప్పేయండి. నన్ను అడిగితే అసలు ఏమీ పూయనక్కర్లేని నమూనా వేసుకోవడం ఉత్తమం. సూదిని ఒక సైజు తగ్గించి బిగువుగా అల్లితే చిన్న చక్రం తనంతట తానే నిలుస్తుంది. పెద్దదైతే అంచు వరసను సన్నని స్టీలు తీగ మీద అల్లండి.

చక్కెర పట్టించిన పాత సరుకు ఉంటే పారేయకండి. గోరువెచ్చని నీళ్లలో నానబెడితే మొత్తం కరిగిపోతుంది.

ఎరుపు తెలుపులోకి దిగింది

ఎరుపు, ముదురు నీలం, నలుపు నూలు దారాల మీద మొదటి నుంచీ అనుమానం పెట్టుకోండి. జానెడు దారం తడిపి తెల్లగుడ్డ మధ్య పెట్టి వేడి ఇస్త్రీ పెట్టె అదమండి. గుడ్డకు రంగు అంటితే ఆ ఉండను వదులుగా చిలపలా చుట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా సబ్బుతో జాడించి, ఆరాకే సూది పట్టండి. ఉప్పు వేస్తే, వినెగర్ పోస్తే రంగు నిలుస్తుందని అందరూ చెబుతారు. వినెగర్ ఉపయోగపడేది ఉన్నికీ పట్టుకూ వేసే ఆమ్ల రంగులకు. నూలు రంగుకు దానితో ఒరిగేదేమీ లేదు.

ఇప్పటికే దిగిపోయిందా? ఆరనివ్వకండి. ఆరితే మరక కూర్చుంటుంది. చన్నీళ్లలో ముంచి, నీళ్లు మారుస్తూ ఉండండి. నాలుగైదు సార్లకు చాలావరకు వదులుతుంది, అన్నిసార్లూ కాదు.

యాక్రిలిక్ దారానికి ఈ బెడద తక్కువ. దానికి వేరే గండం ఉంది. ఇస్త్రీ పెట్టె తగిలితే కరిగి చదునైపోతుంది, మళ్లీ కోలుకోదు.

చెవి పచ్చబడింది, దురద పెడుతోంది

రెండూ వేరువేరు. పచ్చదనం ఇత్తడిలోని రాగి చెమటతో కలిసి వదిలే రంగు. కడిగితే పోతుంది, హాని లేదు. దురద ఎక్కువగా నికెల్ పడకపోవడం వల్ల. అందుకు స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కేలు వాడండి, రెండు బాధలూ తగ్గుతాయి. పారదర్శకమైన గోళ్ల రంగు పూయడం తాత్కాలికమే, కొన్ని వారాల్లో అరిగిపోతుంది.

సంచి భుజాన వేసుకుంటే మోకాలు దాకా దిగుతోంది

క్రోషా గుడ్డ సాగుతుంది, అది దాని స్వభావం. బరువు పడిన వైపుకు కుట్లన్నీ పొడుగవుతాయి. మా ఆడపడుచుకు ఒక సంచి అల్లి ఇచ్చాను. అందులో టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, రెండు పుస్తకాలు పెట్టుకుని బడికి వెళ్లేది. రెండు నెలల్లో పట్టీ జానెడు సాగింది. "వదినా, ఇది సంచా, ఉయ్యాలా?" అని అడిగింది.

పట్టీని సూది సైజు తగ్గించి సింగిల్ కుట్టుతో బిగువుగా అల్లండి. వెనక నేత నూలు టేపు, అంటే నాడా వంటిది, పట్టీ పొడవునా కుట్టండి. బరువు మోసేది టేపే, అల్లిక దాని మీద అలంకారం. టేపు పట్టీ దగ్గర ఆగిపోకూడదు. రెండు పక్కలా కిందికి దిగి సంచి అడుగున కలవాలి. ఆగిపోతే పట్టీ నిలుస్తుంది కానీ అతుకు చిరుగుతుంది. లోపల గుడ్డ లైనింగు వేస్తే సంచి పొట్ట సాగదు, చిల్లర కూడా రాలదు.

అమ్మే ముందు పరీక్ష: మామూలుగా మోసేంత బరువు వేసి రాత్రంతా మేకుకు తగిలించండి. ముందూ వెనుకా కొలవండి. రెండు వేళ్లకు మించి దిగితే ఆ సంచి ఇంకా తయారు కానట్టే.

క్లిప్పు నుంచి పువ్వు ఊడిపోతోంది

బుధవారం రాయగడ జిల్లాలోని చాటికోన సంతకు వెళ్తే నియమగిరి కొండల ఆదివాసీలైన డోంగ్రియా కొంధ్ స్త్రీల తలల్లో క్లిప్పులు వరసలు వరసలుగా కనబడతాయి. జడ క్లిప్పుల్ని అంత శ్రద్ధగా పెట్టుకునేవాళ్లను నేను ఇంకెక్కడా చూడలేదు. అక్కడే గమనించాను, క్లిప్పును రోజుకు ఎన్నిసార్లు తీసి పెడతారో, ఎంత లాగుతారో. అంత లాగుడుకు జిగురు చాలదు. కరిగించి పూసే జిగురు నున్నటి ఇనుముకు సరిగ్గా పట్టదు, మే నెల ఎండకు మెత్తబడుతుంది కూడా.

క్లిప్పు పట్టీనే అల్లికలో చుట్టేయండి. క్లిప్పు తెరిచి, పై పట్టీ చుట్టూ దారంతో వరసగా సింగిల్ కుట్లు వేసుకుంటూ వెళ్తే అది దారపు తొడుగు అవుతుంది. పువ్వును ఆ తొడుగుకు సూదితో కుట్టండి. ఇలా దారం దారాన్నే పట్టుకుంటుంది.

అడగకపోయినా ఒక మాట. డోంగ్రియా వాళ్ల శాలువా, కప్డాగండా, దాని మీది త్రికోణాలు, గీతలు చూసి చాలామందికి చేయి ఉబలాటపడుతుంది. నాకూ పడింది. ఆ కుట్టుపని వాళ్లది, దానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. పసుపు, ఎరుపు, ఆకుపచ్చల కూర్పు ఎంత బాగుంటుందో నేర్చుకోండి, నమూనా ఎత్తుకొచ్చి వాళ్ల పేరుతో అమ్మకండి.

జతలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది

లెక్క సరిగ్గా ఉన్నా ఇలా వస్తే రెండింటినీ వేర్వేరు రోజుల్లో అల్లి ఉంటారు. పొద్దున్న చేతి బిగువు రాత్రి టీవీ ముందు ఉండదు. ఒకే కూర్చోవడంలో, ఒకే సూదితో, వరస వరసా మార్చుకుంటూ అల్లండి: ఎడమదానికి మూడో వరస, వెంటనే కుడిదానికి మూడో వరస. రంగు తేడా వస్తే ఉండ చుట్టూ ఉన్న కాగితం మీద లాట్ నంబరు, అంటే ఒకే విడత రంగు వేసిన దారానికి ఇచ్చే నంబరు, చూడండి. ఒకే షేడు అయినా లాట్ మారితే ఎండలో తేడా తెలుస్తుంది.

మధ్యలో కన్నం తెరుచుకుంటోంది, కొసలు బయటికొస్తున్నాయి

మ్యాజిక్ రింగు, అంటే చక్రం మొదలుపెట్టే దారపు ఉచ్చు, దాని కొసను లాగి బిగించి, వెంటనే కత్తిరించేవాళ్లకు ఇది తప్పదు. మెరిసే నూలు దారం నున్నగా ఉంటుంది, తనంతట తాను పట్టు ఇవ్వదు. రింగును రెండు చుట్లు వేయండి. కొస కనీసం 15 సెంటీమీటర్లు వదలండి. బిగించాక మొద్దు మొన సూదితో రింగు చుట్టూ ఒకసారి తిప్పి, వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు, ఇలా మూడు దిక్కుల్లో దూర్చండి. తిరిగేటప్పుడు ఒక పోగును చీల్చుకుంటూ సూది దింపితే కొస అక్కడ ఇరుక్కుంటుంది.

ఆ తర్వాత కత్తెర పట్టే ముందు పువ్వును నాలుగు వైపులా ఒకసారి గట్టిగా లాగండి. కొస కొంచెం లోపలికి పోతుంది. అప్పుడు కత్తిరించండి.