కాన్పులో నిర్లక్ష్యానికి నష్టపరిహారం అడగడం ఎలా? ముందు కేసు షీటు చేతికి రావాలి

దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్ల వైపు కుటుంబాలకు తోడుగా వినియోగదారుల కమిషన్ మెట్లు చాలాసార్లు ఎక్కాను. బిడ్డ చెయ్యి లేవడం లేదని, తల్లికి మూత్రం ఆగడం లేదని ఏడుస్తూ వస్తారు. దాదాపు అందరూ చేసిన తప్పు ఒకటే: కాగితం చేతికి రాకముందే గొడవకు దిగారు.

తల్లీబిడ్డల కార్డు, స్కానింగ్ రిపోర్టులు, బిల్లులు, మందుల చీటీలు తేదీల వరుసలో పేర్చి జిరాక్సులు తీయించండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి.

ఇక కేసు షీటు, అంటే ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు రాసిపెట్టిన మొత్తం రికార్డు. దాని నకలు కావాలని తల్లి పేరుతో, తెలుగులో, చేతిరాతతో అర్జీ పెట్టండి. ముందే వకీలు నోటీసు పంపకండి, ఆసుపత్రి జాగ్రత్తపడుతుంది. మీ ప్రతి మీద తేదీ, ముద్ర వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల 2002 నాటి నియమావళి చెబుతోంది.

డిశ్చార్జి సమ్మరీ చేతిలో పెట్టి ‘ఇదే కేసు షీటు’ అంటారు. కాదు. నొప్పుల పురోగతి రాసే పార్టోగ్రాఫ్, నర్సుల నోట్సు, మందుల చార్టు, సమ్మతి పత్రం, ఆపరేషన్ నోట్సు, పుట్టగానే బిడ్డను చూసిన డాక్టరు రాసిన కాగితం, అన్నీ పేరుపేరునా అడగండి.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. ఒక కేసు షీటులో రాత్రి పది నుంచి రెండు వరకు అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు 140 అని ఉంది. తొమ్మిది గళ్లలోనూ ఒకే సిరా, ఒకే వాలు. నర్సు నోట్సులో మాత్రం పన్నెండున్నరకు ‘90, డాక్టరుకు ఫోను’ అని ఉంది. 110 కంటే తగ్గితే కంగారుపడాలి. ఆపరేషన్ మొదలైంది మూడింటికి. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాక వేరే సాక్షిని వెతకవలసిన పని లేకపోయింది.

పెద్దమనుషుల పంచాయితీకి మాత్రం ఒప్పుకోకండి. ఆసుపత్రి ముందు టెంటు వేస్తారు, సాయంత్రానికి ఎంతో కొంత చేతిలో పెట్టి ‘ఇక మాకు ఏ ఫిర్యాదూ లేదు’ అని సంతకం పెట్టించుకుంటారు. ఆ సంతకం తర్వాత మీ మెడకే చుట్టుకుంటుంది. పోలీసు కేసుతోనూ పరిహారం రాదు. డాక్టరును నేరస్థుడిగా నిలబెట్టాలంటే తీవ్రమైన నిర్లక్ష్యం చూపాలని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. మెడికల్ కౌన్సిల్ డాక్టరుపై చర్య తీసుకోగలదు, మీకు డబ్బు ఇప్పించలేదు.

ఆ కాగితాలను వేరే ఊరి గైనకాలజిస్టుకు చూపించండి. ప్రతి కేసుకూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని 2010లో కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా అది లేకుండా నేను ఫిర్యాదు వేయనివ్వను. కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కోవడం ఎంత జాగ్రత్తగా ఉన్నా జరగవచ్చు. డాక్టరు తప్పు లేదని తేలితే ఆ మాట వినాలి.

తప్పు ఉంటే రెండేళ్లలోపు మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు ఆసుపత్రికి కట్టిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రిలో కాన్పయితే ఈ దారి కుదరదని 1995 తీర్పు ఉంది. అప్పుడు సివిల్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లాలి, దానికీ ఆ సంస్థనే అడగండి.

బిడ్డకు వైకల్యం మిగిలితే ప్రభుత్వ వైకల్య సర్టిఫికెట్ (జనం నోట సదరం) తీసుకోండి. ఫిజియోథెరపీకి వెళ్లిన ప్రతిసారీ తేదీ, ఆటో చార్జీ, పోయిన కూలి ఒక నోటుపుస్తకంలో అదే రోజు రాత్రి రాసిపెట్టండి.