మచ్చల పిల్ల గిట్ట ముట్టనివ్వనప్పుడు

బెంగళూరు శివార్లలో, హెసరఘట్ట దగ్గర, మా మార్వాడీ జాతి ఆడగుర్రం దాదాపు 11 నెలలు మోసి గోధుమ రంగు మీద తెల్లమచ్చల పిల్లను ఈనింది. పిల్ల గంటలోపే లేచి నిలబడి జున్నుపాలు తాగింది. చిక్కు మూడో నెలలో వచ్చింది. గిట్టలు చెక్కే మనిషిని అది కాలు ముట్టనివ్వలేదు. నేను హాల్టర్ (తలకు తొడిగే పట్టీ) పట్టి ముందుకు లాగాను. అది వెనక్కి గుంజుకుని పడిపోయింది. తప్పు నాదే, లేత మెడకు అలాంటి గుంజుడు చాలా ప్రమాదం.

“ముందు తల్లిని గోకు, పిల్ల చూస్తుంది” అన్నారు నాన్నగారు. అలాగే చేశాను. రోజుకు 10 నిమిషాలు పిల్ల మూపు, తర్వాత భుజం, మోకాలు, చివరికి గిట్ట. కాలు ఎత్తాక, అది గుంజుకోకముందే నేనే దించేవాణ్ణి. కిటుకంతా అక్కడే ఉంది. నడిపించడానికి మెత్తటి తాడు పిరుదుల వెనుకగా వేసి ముందుకు కదిలించాను. మూడు వారాల్లో నాలుగు కాళ్లూ ఇచ్చింది!

ముక్కు మీది తెల్లమచ్చ కింద చర్మం గులాబి రంగు, ఎండకు కమిలింది. జింక్ ఆక్సైడ్ లేపనంతో, మధ్యాహ్నపు నీడతో మానింది. స్వారీ మాత్రం నాలుగేళ్లు నిండాకే.